మరియమ్మ ట్యూబు, వెంకటలక్ష్మి ఫారం

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. కూచిపూడి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. రిజిస్టర్లో తప్ప ఎక్కడా కనిపించని మైక్రోస్కోపుతో, హాజరు పట్టీలో తప్ప ఎక్కడా తిరగని స్వీపరుతో కాపురం చేస్తున్నవాణ్ణి. వేరే దెయ్యాలు నాకెందుకు?

గర్భిణుల రక్తం తీసి, సీరం వేరుచేసి, ఐస్ పెట్టెలో పెట్టి, బస్సులో విజయవాడ సర్కారు ల్యాబ్‌కి మోసుకెళ్లడం నా పని. సిఫిలిస్ పరీక్షకి. ఆ జబ్బు తల్లిలో చప్పుడు చేయదు, కడుపులో బిడ్డని తినేస్తుంది. ముందే తెలిస్తే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో పోతుంది.

పోయినేడాది మరియమ్మ సీరం తీసుకెళ్లాను. ఊళ్లో, చర్చిలో అందరికీ ఆవిడ మరియమ్మే. ఆధార్లో వెంకటలక్ష్మి. ట్యూబు మీద నేను మరియమ్మ అని రాశాను, ఫారంలో వెంకటలక్ష్మి అని ఉంది. కౌంటర్లో గుమాస్తా, సైకిల్ చక్రాలంత కళ్లద్దాలాయన, ట్యూబుని వెనక్కి తోశాడు.

"ఇద్దరి రక్తం ఒక్క గొట్టంలో పోసుకొచ్చారేంటండీ?"

"ఇద్దరూ ఒకావిడేనండీ."

"అయితే ఎవరో తేల్చుకుని రమ్మనండి ఆవిణ్ణి."

మళ్లీ రక్తం తీయాలి. వాళ్లిల్లు మా సెంటరుకి రెండు కిలోమీటర్లు. ఆ ఎండలో నాకది కాశీయాత్రంత కనిపించింది. ట్యూబుని ఆస్పత్రి వెనక గోతిలో నా చేత్తోనే పారేశాను. నలభై ఏడో నంబరు. ఆవిడొచ్చి అడిగితే, "ఏమైనా ఉంటే వాళ్లే చెప్తార్లేమ్మా" అన్నాను.

ఎనిమిదో నెలలో చచ్చిన బిడ్డ పుట్టింది.

ఈ ఏడాది ఆవిడకి మళ్లీ నెల తప్పింది. ఈసారి ట్యూబు మీద వెంకటలక్ష్మి అని పలక మీద దిద్దినట్టు రాశాను. మా నర్సు సుజాతకీ పాత గొడవ గుర్తుంది. నాతో మాటమాత్రం అనకుండా ఫారంలో మరియమ్మ అని దిద్దింది.

"మళ్లీ వచ్చారా ఇద్దరూ!" అన్నాడు గుమాస్తా.

పదకొండు ట్యూబులు తీసుకుని, పన్నెండోది తిప్పి పంపాడు. తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు వాళ్లింటికి వెళ్తే తాళం. గన్నవరంలో అక్క దగ్గరికి వెళ్లింది, రెండు నెలల దాకా రాదన్నారు పక్కింటివాళ్లు. నాకు హాయిగా అనిపించింది. ఇది కూడా రాసి తీరాలి.

వారానికి రిపోర్టులు వచ్చాయి. పదకొండు రావాలి. పన్నెండున్నాయి.

పన్నెండోదాని మీద పేరు: మరియమ్మ అను వెంకటలక్ష్మి. అంత తేలిక ఉపాయం మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఫలితం: పాజిటివ్. నంబరు నలభై ఏడు. పక్కన వేసిన తేదీ పోయినేడాదిది.

ఫ్రిజ్ తెరిచి చూశాను. ఈ ఏటి ట్యూబు మూత తీయకుండా అలాగే ఉంది.

కాగితం చూడగానే డాక్టరుగారు గన్నవరం కబురుపెట్టారు. మళ్లీ తీసిన రక్తం కూడా పాజిటివే. మొగుడికీ పెళ్లానికీ ఇంజెక్షన్లు వేయించారు.

నేను ఆ కాగితం పట్టుకుని విజయవాడ పరిగెత్తాను. గుమాస్తా రెండేళ్ల రిజిస్టర్లూ తిరగేశాడు. రెండుచోట్లా ఒకటే మాట: తిప్పి పంపబడినది.

"ముద్ర మాదేనండీ. సంతకం ఎవరిదో మాత్రం..." అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి లేకపోతే ఆయనా మామూలు మనిషే.

మరియమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఏడిస్తే విజయవాడ పటమట దాకా వినిపించే గొంతు. టీకా వేయించడానికి తెచ్చినరోజు మరియమ్మ నా బల్ల దగ్గర నిలబడింది.

"ఆ కాగితం పోయినసారి ఎందుకు రాలేదండీ సార్?"

"ల్యాబ్‌లో ఆలస్యమమ్మా," అన్నాను.

తలూపి వెళ్లిపోయింది.

ఆ కాగితం ఈసారి ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. ఆవిడ అడిగింది అది కాదు.