నడవనివ్వని ఊరు

మా ఊళ్ళో ఎవరైనా నడుస్తూ కనిపిస్తే కారు ఆగుతుంది. బండి చెడిపోయిందో, దారి తప్పాడో, ఇంట్లో గొడవపడి వచ్చేశాడో అనుకుంటారు. ఊరికే నడుస్తున్నాడని మాత్రం ఎవరికీ తోచదు. ఈ సంగతి తెలియకే నేను చిక్కుల్లో పడ్డాను.

ఖతర్‌లో నా ఉద్యోగమంతా మెసయీద్‌లో ఒక ఎరువుల కర్మాగారం స్టోర్స్‌లో గడిచింది. రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి వచ్చాను. తనకు ఖతర్‌లోనే ఈ చిన్న ఊళ్ళో హెల్త్ సెంటర్‌లో నర్సు ఉద్యోగం. చుట్టూ కనుచూపు మేర బల్లపరుపు నేల. చలికాలపు వాన పడితే పల్చగా పచ్చిక లేస్తుంది, దాని మీదికి మేకలూ ఒంటెలూ వస్తాయి. ఆ మైదానం మధ్యలో మసీదు, బడి, పెట్రోలు బంకు, లాండ్రీ, బఖాలా అని పిలుచుకునే కిరాణా కొట్టు, దాన్ని ఆనుకుని టీ దుకాణం. దోహా నగరంలో ఉమ్ ఘువైలినా పేటలో ఉండే పాత స్నేహితుడొకాయన ఫోన్ చేసి, "అక్కడ ఏముందండీ అసలు?" అంటే, "అన్నీ ఉన్నాయి, ఒక్కొక్కటే ఉన్నాయి" అని చెప్పాను.

ఇక్కడ కారు దిగే అలవాటు కూడా లేదు. కొట్టు ముందు హారన్ కొడితే కారు దగ్గరికే టీ వస్తుంది, రొట్టె వస్తుంది, ఇస్త్రీ బట్టలూ వస్తాయి.

నాకు షుగర్ ఉంది. ఈ చలికాలం మొదట్లో అమ్మాయి రిపోర్టు చూసి ముఖం గంటు పెట్టుకుంది.

"రోజూ నడువు నాన్నా. వచ్చే పరీక్షలో తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందే. పొడిచేది నేనే, గుర్తుపెట్టుకో."

"నువ్వంటే భయం లేదమ్మా. నీ చేతిలో సూది ఉంటేనే భయం."

నవ్వుతూనే అన్నాను గానీ, సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ వణుకే. మర్నాడు సాయంత్రమే తెల్ల చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

మసీదు మలుపు తిరిగానో లేదో ల్యాండ్ క్రూయిజర్ ఒకటి పక్కనే ఆగింది. లోపల మా వీధి చివర ఇంటి ఖతరీ పెద్దాయన. నా వయసే ఉంటుంది. "తాల్, సదీక్! యల్లా!" అని తలుపు తెరిచాడు. రా మిత్రమా, ఎక్కు అని. వద్దని చెప్పడానికి నాకున్న నాలుగు అరబ్బీ ముక్కలూ వాడాను. కాళ్ళు చూపించాను, గుండె చూపించాను, డాక్టర్ అన్నాను. ఆయన కంగారుపడి నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించి, నేరుగా హెల్త్ సెంటర్‌లో దింపాడు. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది నాన్నా!"

"ఏమీ కాలేదు. నడుస్తున్నాను."

ఏమీ కాలేదని తెలిసిన ఆనందంలో పెద్దాయన నన్ను తన మజ్లిస్‌కు, అంటే అతిథుల గదికి, తీసుకుపోయాడు. ఇన్నేళ్ళూ కంపెనీ క్వార్టర్స్, కంపెనీ బస్సు, కంపెనీ క్యాంటీనే నా లోకం. ఒక ఖతరీ ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. చిన్న కప్పులో చేదు కాఫీ ఇచ్చారు, పక్కనే ఖర్జూరాలు. తాగితే మళ్ళీ పోశారు. పోసినప్పుడల్లా ఒక ఖర్జూరం చేతిలో పెట్టారు. ఇచ్చింది కాదంటే బాగుండదని అన్నీ తిన్నాను.

మర్నాడు ఈ సంగతి చెబితే బఖాలా నడిపే జగిత్యాలాయన కౌంటర్ పట్టుకుని నవ్వాడు.

"గా కప్పు ఊపాలె పెద్దసారూ! ఊపితే చాలన్నట్టు. ఊపకపోతే పొద్దుందాక పోస్తనే ఉంటరు."

కప్పు ఊపడం నేర్చుకున్నాను, కార్లను ఆపడమే చేతకాలేదు. రోజుకొకరు ఎక్కించుకునేవారు. ఒకరు చక్కెర దట్టించిన కరక్ టీ తాగించేవారు, ఇంకొకరు హల్వా పెట్టేవారు. షుగర్ తగ్గించుకోవడానికి బయటికి వెళ్ళి పెంచుకుని వస్తున్నాను. లాభం లేదని ఒకరోజు రోడ్డు వదిలేసి పచ్చిక మీదికి దిగాను. వాన వాసన, మెత్తటి నేల, ఎదురుగా ఒక్క మనిషి లేడు. ఉత్సాహం పట్టలేక చేతులూపుకుంటూ, పాడుకుంటూ పోతున్నాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. పచ్చికలో ఎగిరెగిరి పడుతూ మూడు కార్లు వస్తున్నాయి. ముందు పెద్దాయన! నేను ఎడారిలో దారి తప్పి, సాయం కోసం చేతులూపుతున్నానని ఎవరో చెప్పారట. ఆ పూట కూడా ఖర్జూరాలు తప్పలేదు.

"ఇట్ల కాదు" అని బఖాలా ఆయన లోపలికి పోయి నారింజరంగు రిఫ్లెక్టర్ జాకెట్ తెచ్చాడు. "తెల్లంగీల పోతాంటే ఇంట్ల పెద్దమనిషి తప్పిపోయిండనుకుంటున్నరు. గిది ఏసుకోరి. డ్యూటీల ఉన్నోన్ని ఎవ్వడు ఆపడు. నేను సైట్ మీద పనిచేసిన గద సార్, నాకెర్క. జాకెట్ ఏసుకున్నంక మనిషి కనపడడు, జాకెటే కనపడ్తది."

అది నిజమే అయింది. కార్లు పక్కనుంచి దూసుకుపోయాయి. బడి వరకూ, పెట్రోలు బంకు వరకూ నడిచాను. చిన్నపిల్లాడికి సెలవులిచ్చినట్టుంది నాకు.

అయితే అది రెండు రోజుల ముచ్చటే. నీళ్ళ ట్యాంకర్ నడిపే హైదరాబాదీ బండి ఆపి కిటికీలోంచి తల బయట పెట్టాడు. "చచా, వో ఖంబే కీ లైట్ కబ్ ఆతీ?" ఆ స్తంభం లైటు ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. నేను బల్దియా, అంటే మునిసిపాలిటీ, మనిషిని కాదన్నా వినలేదు. "చచా, సబ్ ఐసాచ్ బోల్తే!" అని, అందరూ ఇలాగే అంటారని విసుక్కుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకరు చెత్తడబ్బా నిండిందన్నారు, ఒకరు బడి గోడ సందులోంచి మేకలు దూరుతున్నాయన్నారు. స్టోర్స్‌లో పనిచేసినవాణ్ణి, విన్నది నిజమో కాదో చూడకపోతే నిద్రపట్టదు. స్తంభం దగ్గరికి నడిచాను, అక్కణ్ణించి చెత్తడబ్బా దగ్గరికి, తర్వాత బడి గోడ దగ్గరికి. ఇంటికొచ్చి డైరీలో రాసుకునేవాణ్ణి, అమ్మాయి ఫోన్‌లో ఫిర్యాదులు పంపేది.

"నువ్వు రిటైరయ్యావా, కొత్తగా చేరావా నాన్నా?"

కొన్నాళ్ళకు లైటు వెలిగింది. నన్ను చూసి కార్లు హారన్ కొట్టి మరీ పోసాగాయి.

ఒక సాయంత్రం బఖాలా ముందు పెద్దాయన నన్ను జాకెట్‌లో చూసి బ్రేకు వేశాడు. పాతకాలపు ఖతరీలకు హిందీ కొంచెం వస్తుంది.

"సదీక్! నౌకరీ మిలా? రాతిబ్ కితనా?" జీతమెంతని అడిగాడు.

"మాఫీ ఫులూస్" అన్నాను. డబ్బేమీ లేదని.

ఆయన కళ్ళెర్రజేశాడు. ముసలాయనతో జీతం లేకుండా పని చేయిస్తారా అని ఫోన్ తీసి ఎవరో అధికారికి చెయ్యబోయాడు. వద్దు వద్దని నేను చేతులూపాను. బఖాలా ఆయన కొట్టు వదిలి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, అరబ్బీలో మొదటి నుంచీ అంతా చెప్పాడు. పెద్దాయన నవ్విన నవ్వుకు తలమీది గుడ్డ జారి ఒళ్ళో పడింది.

పరీక్ష రోజు వచ్చింది. రిపోర్టు తెరిచిన అమ్మాయి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. తను కావాలనే పెదవి బిగించి ఏడిపించింది.

"తగ్గింది. సూది వద్దు. జాకెట్ మాత్రం విప్పకు."

నేను గంతు వేశానని హెల్త్ సెంటర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా వెనకే కూర్చున్న పెద్దాయన రిపోర్టు కూడా అప్పుడే వచ్చింది. అమ్మాయి ఆయన్ని అరబ్బీలో నన్ను కోప్పడినట్టే కోప్పడింది. నడుస్తారా, సూది వేయించుకుంటారా? ఆయన నా వంక చూశాడు. నా కళ్ళకంటే ముందు నా జాకెట్ కనిపించినట్టుంది.

మర్నాటి సాయంత్రం తెల్లటి పొడుగు అంగీ మీద నారింజరంగు జాకెట్ తొడుక్కుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇద్దరం బయల్దేరాం. బంకు దాటాక నీళ్ళ ట్యాంకర్ ఆగింది. చీకటి పడుతున్న వేళ, జాకెట్ వెనక ఎవరున్నారో ఆ హైదరాబాదీ చూడలేదు.

"చచా, ఎవరిదో ఒంటె రోడ్డు మీద నిలబడింది, కదలట్లే" అని హిందీలో మొరపెట్టుకున్నాడు.

ఆ ఒంటె పెద్దాయనదే. ఆయన ముఖం ఏమాత్రం మారకుండా, చెయ్యి ఊపి, "బుక్రా, బుక్రా" అన్నాడు. రేపు చూద్దాంలే అని, అచ్చం ఆఫీసువాళ్ళలాగే.

ట్యాంకర్ పోగానే ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వాం. ఒంటె మమ్మల్ని చూసి రోడ్డు దిగి పచ్చిక మీదికి పరుగందుకుంది. పెద్దాయన కారు ఇంటి దగ్గరే ఉంది. ఒంటె వెనక నడవక తప్పలేదు.