గుట్ట మీది మడుగు దగ్గర

కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీ కట్టి, రెండో పొగగొట్టం లేపుతున్న రోజులవి. మా ఆయన టవర్ లైను కాంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవరు. గుట్టల మీద స్తంభాలు నిలబెట్టే కూలీలను, సామాన్లను మోసుకెళ్ళడం ఆయన పని. ఫ్యాక్టరీకి దగ్గర్లో, వరసగా కట్టిన రేకుల గదుల్లో ఒకటి మాది. మా పాప ఆ గదిలోనే నడక నేర్చుకుంది. ఏడాదిన్నర నిండాక జ్వరంతో పోయింది.

పాప పోయిన రెండు నెలల తర్వాత ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే జీపు తీసుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. చీకటి పడే ముందు వచ్చేవాడు. తాగి వచ్చేవాడు కాదు. మాట్లాడేవాడూ కాదు. ఒక ఆదివారం నేను జీపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ప్రతి ఐతారం ఏడికి పోతవ్?"

"గుట్ట మీదికి. టవర్ల సామాను కాసే వాచ్‌మన్‌కు నీళ్ళు, బియ్యం ఇచ్చి రావాలె."

"దానికి పొద్దంత పడ్తదా? నేను గూడ వస్త."

"అది తొవ్వ గాదు. అంత రాళ్ళే."

నేను ఎక్కి కూర్చున్నాను. ఆయన జీపు స్టార్టు చేశాడు.

కల్లూరు దాటాక రోడ్డు వదిలి చేలగట్టు పట్టాం. తర్వాత గట్టు కూడా లేదు. టవర్ల ఇనుము ఎక్కించడానికి బండలు పక్కకు నెట్టి చేసిన దారి, వానకు కోసుకుపోయి వాగులా ఉంది. ఆయన దిగి, ముందు చక్రాలకు కూడా గేరు వేసి, రాయి రాయి చూసుకుంటూ ఎక్కించాడు. ఒకచోట నా వైపు చక్రం గాల్లోకి లేచింది. "గట్టిగ పట్టుకో" అన్నాడు. పాప పోయాక ఆయన నాతో మెత్తగా అన్న మొదటి మాట అదే.

పైన, రెండు గుట్టలు కలిసే పల్లంలో మడుగు ఉంది. చుట్టూ సీతాఫలం పొదలు, ఏనుగుల్లాంటి బండలు. నీళ్ళు నల్లగా, చల్లగా ఉన్నాయి. వాచ్‌మన్‌కు సామాన్లు ఇచ్చి వచ్చి, సీటు కింద నుంచి గాలం తీశాడు. వానపామును గుచ్చి వేసి, నీళ్ళలో తేలే బెండు మీద చూపు పెట్టి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నీళ్ళను చూస్తూనే చెప్పాడు.

"ఆ దినం పదకొండింటికే పని బందయింది. వైరు రాలేదని అందర్ని పొమ్మన్నరు. కూలోళ్ళు నడిచి దిగిండ్రు, నేను పోలే. ఈడనే గాలమేస్కొని కూసున్న. మూడింటి దాంక."

పాప పోయింది రెండింటికి.

"చేపలు పడ్డయా?" అని అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు.

"నాలుగు. మన గల్లీ మలుపుల జనాన్ని చూసి మోరీల పారేసిన."

నేను లేచి దిగడం మొదలుపెట్టాను. బండల మీద చెప్పులు జారుతుంటే విప్పి చేత పట్టుకున్నాను. ఆయన పిలవలేదు. మొదటి గేరులో జీపును నా వెనకాలే, అడుగు అడుగుగా దింపుకుంటూ వచ్చాడు. కింద చేల దగ్గర నేను ఎక్కాను.

ఆ వారం మాట్లాడుకోలేదు. ఆయన మీద కోపం ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది, అది నాది. పాప పోయిన రోజు పొద్దున పక్కింటి పెద్దమ్మ, "తొమ్మిది గంటల బస్సుకు రాయచూరు దవాఖానకు పోదాం పా" అంది. "మధ్యాహ్నం అన్నానికి జీపు వస్తది పెద్దమ్మా, ఎండల బస్సెందుకు" అన్నాను నేను. ఒంటిగంటకు పాప కళ్ళు తేలేశాక ఫ్యాక్టరీ బూడిద మోసే లారీ ఆపి ఎక్కాం. పొద్దున్నే తెచ్చి ఉండాల్సిందని డాక్టరు అన్నాడు. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు. తప్పంతా ఆయనే మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను.

మరుసటి ఆదివారం మళ్ళీ జీపు ఎక్కాను. క్షమించి కాదు. ఆ గదిలో ఒక్కదాన్నే ఉండలేక. ఆ ఎండాకాలమంతా వెళ్ళాం. ఎర గుచ్చడం నేర్పించాడు. ఒకసారి నా గాలానికి కొరమీను పడి, అది లాగిన లాగుడుకు నేను నీళ్ళలోకి జారాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. చేపను కలిసి పైకెత్తితే పుట్టినప్పటి పాప బరువు గుర్తొచ్చి ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. ఆ రోజే మొదటిసారి పాప గురించి మాట్లాడుకున్నాం. ఉప్మాలో కరివేపాకు ఏరి ఆయన జేబులో వేసేదని, హారన్ వినగానే గడప దగ్గరికి పాకేదని.

వానలకు దారి పూర్తిగా కొట్టుకుపోయింది. లైను పని సింధనూరు వైపు జరిగింది. మేము మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. ఆ తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు.

ఎన్నో ఏళ్ళకు, కిడ్నీలు చెడి ఆయన మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం కాళ్ళు ఒత్తుతూ బస్సు సంగతి చెప్పేశాను. పెద్దమ్మ అన్నదీ, నేను అన్నదీ, డాక్టరు అన్నదీ.

"తెల్సు" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"పెద్దమ్మ. పాప పోయిన మూడో దినమే చెప్పింది."

"మరి ఒక్కపారన్న అడగకపోతివి."

"ఏమడగాలె? నువ్వు నా కోసమే చూస్తివి గదా."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. చాలాసేపు గోడకు ఆనుకుని అక్కడే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. దుప్పటి కాళ్ళ మీదికి లాగాను. ఆ నెలలోనే పోయాడు.