వెదురు పెట్టెలో రెండు జతల స్కీలు

పోయినేడు ఉత్తరాది కొండల్లోని ఔలీలో మంచు మీద జారడం నేర్చుకుని తిరిగొస్తుంటే, గుడ్డ సంచిలో పెట్టి విమానంలో వేసిన నా స్కీ పలకల్లో ఒకటి కొస విరిగి చేతికొచ్చింది. నేను ఖమ్మంలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని, ఖానాపురం హవేలిలో ఉంటాను. ఆ శిక్షణలో పరిచయమైన మంగ భద్రాచలం అడవిలో బీట్ ఆఫీసర్. ఇద్దరం పొట్టివాళ్లమే. మా చిన్న పాదాలకు అద్దె బూట్లు ఎప్పుడూ వదులే. అందుకే అక్కడే శిక్షకుడి దగ్గర పాత స్కీలు, బూట్లు కొనుక్కున్నాం. విరిగిన జత బదులు నేను ఇంకొకటి తెప్పించుకున్నాను కూడా. ఈ ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో పై స్థాయి శిక్షణకు ఇద్దరికీ సీటొచ్చింది. శిక్షణ పద్నాలుగు రోజులు, మంగకు దొరికిన సెలవు పద్దెనిమిది. రైలుకు వీల్లేదు, విమానమే దిక్కు. మా టికెట్టుకు మనిషికి ఒక్క సామాను, పదిహేను కిలోలు. దుకాణంలో దొరికే గట్టి స్కీ పెట్టె ఖాళీదే ఐదు కిలోలుంది, రెండు జతలు పెడితే పదిహేను దాటిపోతుంది. ఈసారి స్కీలు విరిగితే శిక్షణ పోయినట్టే.

"మా అమ్మకు చెప్పి చూస్తా అక్కా. బుట్టలు, తడకలు ఆమెనే అల్లుతది" అంది మంగ ఫోన్లో.

ప్రయాణానికి ముందు ఆదివారం పొద్దున ఐదున్నర బస్సుకు స్కీలు భుజాన వేసుకుని ఖమ్మంలో బయలుదేరాను. కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరడానికి మూడు గంటలు. అక్కడ షేర్ ఆటో ఎక్కితే దుమ్ముగూడెం దాటాక మంగ వాళ్ల గూడెం. ఆటో డ్రైవర్ స్కీలను పైనుంచి కిందికి చూసి, "ఇవేంది మేడం, దర్వాజా చెక్కలా?" అన్నాడు. మంచు మీద జారేవని చెబితే నవ్వి, కిరాయి అరవై తీసుకుని, దిగేటప్పుడు వాటిని తనే జాగ్రత్తగా అందించాడు.

మంగ తల్లి ముత్తమ్మకు అరవై దాటి ఉంటాయి. ఇంట్లో వాళ్లది కోయ మాట, నాతో తెలుగులో మాట్లాడింది. మంగ పంపిన కొలతలతో పెట్టె అప్పటికే అల్లింది. నా ఎత్తుకు జానెడు ఎక్కువ పొడవు, రెండు పొరల వెదురు బద్దలు, మధ్యలో బూరుగు దూది కుక్కిన గుడ్డ గొట్టాలు. రెండు జతల స్కీలు, ఊతకర్రలు అందులో ఒదిగి కూర్చున్నాయి. మూత తాళ్లతో బిగించింది.

"విమానంల ఎట్ల ఏస్తరు బిడ్డా, మెల్లగనా, ఇసిరేస్తరా?"

"ఒక్కోసారి విసిరేస్తారు పెద్దమ్మా."

ముత్తమ్మ మంగ చేత పెట్టెను పెరటి చేలో ఉన్న మంచె మీదికి ఎక్కించింది. తనూ ఎక్కింది. నేను ఆపేలోపే రెండు చేతులతో కిందికి తోసేసింది. రెండు నిలువుల ఎత్తు నుంచి పెట్టె నేలకు తగిలి, ఒకసారి ఎగిరి పక్కకు దొర్లింది. పరిగెత్తి తాళ్లు విప్పి చూశాను. ఒక్క గీత పడలేదు. "మళ్ల ఎయ్యమంటవా?" అంది పైనుంచి. వద్దని దండం పెట్టాను. సంతలో చింతపండు తూచే వేలాడే త్రాసుకు తగిలిస్తే అన్నీ కలిపి పద్నాలుగు కిలోలు.

మరుసటి రోజు పగటి బస్సులో హైదరాబాద్ చేరి, మంగళవారం పొద్దున ఆరింటికి విమానాశ్రయంలో ఉన్నాం. కౌంటర్లో అమ్మాయి పెట్టె మీద చెయ్యేసి అల్లిక తడిమింది. పద్నాలుగుంపావు. పొడవైన సామాను ఇచ్చే చోటు చూపించింది. చిక్కంతా మా రెండో సంచితో వచ్చింది. అందులో బట్టలు, రెండు జతల బూట్లు. "పదిహేడున్నర ఉంది మేడం." ఇంట్లో దాన్ని తూచనే లేదు.

మంగ అక్కడే నేల మీద కూర్చుని, చెప్పులు విప్పి స్కీ బూట్లు తొడుక్కుంది. సంచి పద్నాలుగుకు దిగింది. ఆ ప్లాస్టిక్ బూట్లతో టకటకమని నడుస్తుంటే జనమంతా తిరిగి చూశారు.

"అందరూ మనల్నే చూస్తున్నారే" అన్నాను.

"చూడనీ అక్కా. నేను కూడ గీళ్లందర్ని మొదటిసారే చూస్తున్న."

ఢిల్లీలో విమానం మారి మధ్యాహ్నం రెండింటికి శ్రీనగర్‌లో దిగాం. సంచి వచ్చింది, పెట్టె రాలేదు. బెల్టు ఆగిపోయింది. తోటి ప్రయాణికులు వెళ్లిపోయారు. మంగ పళ్ల కింద పెదవి నొక్కిపట్టి గోడవైపు చూస్తోంది. ఇరవై నిమిషాలకు పక్క తలుపులోంచి సామాన్లు మోసే ఓ పెద్దాయన పెట్టెను భుజాన మోసుకొచ్చాడు. హిందీలో అడిగాడు, ఎవరు అల్లారని. అమ్మ అని చెప్పింది మంగ. తమ ఇంట్లో, చలికి ఒంటి దగ్గర పెట్టుకునే నిప్పుల కుండలకు బుట్టలు అల్లుతారట. "మాది మెత్తటి పుల్ల, వంగుతుంది గానీ దెబ్బకు ఇలా ఆగదు" అని మూలలో విరిగిన ఒక్క బద్దను వేలితో సర్దాడు. లోపల స్కీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మంగ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

గుల్‌మార్గ్‌కు టాక్సీలో రెండు గంటలు, రెండున్నర వేలు. తంగ్‌మార్గ్ దాటాక చెట్ల మీద మంచు మొదలైంది. శిక్షణ పదో రోజున మంగ పెద్ద వాలు మీద ఆపకుండా కిందిదాకా దిగింది. ఆగిన చోటే ఫోన్ తీసి తల్లికి కోయలో ఏదో అరిచింది. అవతల ముత్తమ్మ నవ్వు నాకూ వినిపించింది.

మంచు కోసం వెళ్లినదాన్ని, ఇప్పుడు ఎవరైనా గుల్‌మార్గ్ గురించి అడిగితే ముందు ముత్తమ్మ గురించే చెబుతున్నాను. విమానం ఎక్కని, మంచు చూడని మనిషి, సామాను ఎక్కడ దెబ్బ తింటుందో మా ఇద్దరికన్నా బాగా ఊహించింది. నేను ఏళ్లుగా పిల్లలకు ఒళ్లు ఎలా వంచాలో నేర్పుతున్నాను. ఎంత వంగితే విరగదో తెలిసిన చేతులను అంత దగ్గరగా చూడటం మాత్రం ఇదే మొదలు.

మీరు ఇద్దరు కలిసి స్కీలతో విమానంలో వెళ్తుంటే ఒకే టికెట్టు మీద బుక్ చేసుకోండి. రెండు జతల స్కీలు ఒక సామానుగా, బట్టలు, బూట్లు ఇంకో సామానుగా సర్దండి. పొడవైన సామాను ఉందని ముందే విమాన సంస్థకు రాసి జవాబు తీసుకోండి. ఇంటి దగ్గర రెండూ తూచండి, ఒక్కటే కాదు.