ముట్టేదానికి బేడ

నాకు చిన్నప్పటినుంచీ మూతి ముడుచుకునే గుణం ఉంది. ఆ గుణం ఒకసారి మా అమ్మ చేత ఒక బేడ ఖర్చు పెట్టించింది. బేడ అంటే రెండణాల బిళ్ళ. ఈ కాలం పిల్లలకు చెప్పకపోతే తెలియదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. మేము కన్నడ సీమలోని చింతామణిలో ఉండేవాళ్ళం. అమ్మ పుట్టిల్లు బాగేపల్లికి అవతల, కన్నడం వినపడని పల్లె. నాన్నతో పోరి పోరి, తన వెండి వడ్డాణం అమ్మించి, చేత్తో తిప్పే కుట్టు మిషన్ కొనిపించుకుంది. మిషనైతే వచ్చింది గానీ గుడ్డ ఇచ్చేవాళ్ళే రాలేదు. ఆరు నెలలు మా ఇంటి దిండ్లకు గలేబులు కుట్టింది, అంతే. "వడ్డాణం పోయె, మిషన్ మీద దుమ్ము మిగిలె" అని మా అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

అట్లాంటప్పుడు వీధి చివరి అంగడివాళ్ళ ఇల్లాలు ఎర్రపట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది.

"మా పాప పెండ్లికి బెంగుళూరోళ్ళ మాదిరి బుట్ట చేతుల జాకెట్టు కావాలంట. వస్తాదామ్మా నీకు?"

"ఎందుకు రాదు?" అనేసింది అమ్మ.

వస్తే గదా! పాత చీర ముక్కతో కుట్టి చూస్తే ఆ చేతులు వానకు తడిసిన కోడి రెక్కల్లా వేలాడాయి. నాన్న చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఆ పట్టుగుడ్డ పాడుచేస్తివంటే ఇంగ ఈ ఊర్లో నీకు చిరుగు కుట్టే పని గూడా ఇయ్యరు. మిషన్ అమ్మేస్తాను, చూస్కో" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషే.

సరిగ్గా ఆ వారమే చిక్కబళ్ళాపురంలో ఆడవాళ్ళ బట్టల ప్రదర్శన పెట్టారని తెలిసింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని చిన్న రైలెక్కింది. నేను బడిలో కన్నడం చదువుతున్నాను, అక్కడ రాసింది చదివి చెప్పడానికి పనికొస్తానని.

వాకిట్లోనే గాజులవాడు కూర్చున్నాడు. పచ్చ గాజులు అడిగాను. "పొయ్యేటప్పుడు చూస్తాంలే" అంది. ఆ మాటకు అర్థం నాకు తెలియదా? మూతి ముడిచాను.

లోపల చీరలు, లేసులు, అల్లిక పనులు ఎన్నో ఉన్నాయి. అమ్మ దేన్నీ చూడలేదు. ఒక కొయ్యబొమ్మకు నీలం జాకెట్టు తొడిగారు. బుట్ట చేతులు! పూరీల్లా పొంగి నిలబడ్డాయి. అమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"లోపల ఏందో పెట్టుండారు. చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలీదు" అని గొణుక్కుని, పక్కనున్న పలకను చూపించింది. "ఏం రాసినారు పాపా?"

"ముట్టబేడి" అని చదివాను, బండరాయిలా నిలబడి. ముట్టుకోవద్దండీ అని దానర్థం. నాకు తెలుసు. చెప్పలేదు. గాజులు కొనివ్వనివాళ్ళకు అర్థాలు కూడా చెప్పాలా?

"ముట్టేదానికి బేడనా! ఓయమ్మ, వీళ్ళ దుంపతెగ!" అంది అమ్మ. అయినా కొంగుముడి విప్పింది. అక్కడ కాపలా కూర్చున్న కళ్ళద్దాల పెద్దావిడ చేతిలో బిళ్ళ పెట్టి, ఆవిడ నోరు తెరిచేలోగా మోచేతిదాకా చెయ్యి జాకెట్టులోకి పోనిచ్చింది.

"ఏనమ్మా ఇదు!" అని ఆవిడ ఎగిరి లేచింది.

"బేడ ఇస్తిని కదమ్మా! ముట్టేదానికి బేడ అని రాసుండాది. మా పాప చదివె."

ఆవిడ బిళ్ళను చూసింది, పలకను చూసింది, నన్ను చూసింది. నేను బొమ్మ వెనక్కి జరిగాను. ఆవిడకు తెలుగు బాగానే వచ్చు. కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. తరువాత తనే జాకెట్టు విప్పి, తిరగేసి, అమ్మ ఒళ్ళో పెట్టింది. భుజం దగ్గర కుచ్చుల కింద, గంజి పెట్టిన గుడ్డపట్టీ! అదీ సంగతి. ఆవిడ బేడ తిరిగి ఇవ్వబోతే అమ్మ పుచ్చుకోలేదు. "ముట్టినాను కదమ్మా, పెట్టుకో" అంది.

రైల్లో నిజం చెప్పేశాను. వీపు మీద ఒకటి గట్టిగా పడింది. ఆ తరువాత అమ్మ అడిగింది.

"బేడ అంటే వద్దని నాకు తెలీదా? సంతలో దినామూ వింటానే ఉండాను. ఈ బేడి యాడిది?"

"మర్యాదకు అట్ల అంటారమ్మా. వద్దండీ అని."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. "నాతో ఎవురూ అట్ల అనలేదులే" అంది. నాకు ఆ దెబ్బకంటే ఈ మాటకే ఎక్కువ నొప్పి పుట్టింది.

పెళ్ళికూతురి బుట్ట చేతులు పెళ్ళయ్యేదాకా పొంగే ఉన్నాయి. వారం తిరక్కుండా మా అరుగు మీద గుడ్డల మూటలు చేరాయి. అవ్వ వడ్డాణం ఊసు మానేసింది. ఒకరోజు కచేరీలో పనిచేసే ఒక అధికారి భార్య పట్టుగుడ్డ తెచ్చింది. ముందురోజు వస్తానని రాలేదట.

"తప్పు తిళియబేడి, నిన్నె బరలిక్కె ఆగలిల్ల" అంది ఆవిడ, తప్పుగా అనుకోవద్దండీ, నిన్న రావడానికి కాలేదని.

అమ్మ మిషన్ ఆపేసింది. నా వైపు తిరిగింది. మొహమంతా నవ్వు.

"వింటివా పాపా? బేడి అనె!"

ఆవిడ జాకెట్టు కూలిలో అమ్మ ఒక బేడ తగ్గించి తీసుకుంది.