కొండమీది ఆసుపత్రికి కారు

బడిలో లెక్కలు చెప్పే మాస్టారు ఆరు నెలలుగా కారు కొంటూనే ఉన్నాడు. అది కొండమీది ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే భార్య కోసం. రోజూ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కార్ల వివరాల కాగితం మీది అంకెల వెంట వేలితో నడుస్తాడు. ఎనభై హార్స్‌పవర్ ఇంజనైతే కొండెక్కలేక రొప్పుతుందని భయం. నూట ఇరవై హార్స్‌పవర్‌దైతే పెట్రోలు మంచినీళ్లలా తాగుతుందని భయం. పొద్దున ఒకటి ఖాయం చేస్తాడు, సాయంత్రానికి రెండోది ముద్దొస్తుంది. "మీ కారొచ్చేలోపు నేను రిటైరైపోతానండీ," అంటుంది భార్య. రెండు బస్సులు మారి వెళ్లే ఆమెకు ఆలస్యం పేరుతో ఇప్పటికే రెండు మెమోలు అందాయి, మూడోదొస్తే ఉద్యోగానికే ఎసరు.

నిన్న షోరూములో ఆయన నాలుగోసారి "మరి లీటరుకెంతొస్తుంది?" అనేసరికి సేల్స్‌మన్‌కు ఓపిక చచ్చింది. "సార్, ఇంజను జాతకం తర్వాత చూద్దురుగాని, ముందు మేడమ్ గార్ని నడపనివ్వండి," అన్నాడు. ఆమె చిన్న ఇంజను కారును కొండ సగం దాకా నడిపి తిరిగొచ్చింది.

"ఎలా లాగింది? ఎక్కడైనా రొప్పిందా?" మాస్టారు ఆత్రంగా అడిగాడు.

"అది బాగానే ఎక్కిందండీ. క్లచ్ తొక్కీ తొక్కీ నా మోకాలే పట్టేసింది. బస్సు మెట్లెక్కినా ఇంతే."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో ఏమీ దొరక్క తలెత్తాడు.

"ఏ మోకాలు?" అన్నాడు.

ఆమె ఎడమ మోకాలు నిమురుకుంది. సేల్స్‌మన్ లోపలికెళ్లి, క్లచ్ లేని కారు తాళాలు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.