సైకిలు మీద తరవాణి

మొన్న శుక్రవారం మా మేనల్లుడు కువైట్‌లో, రిగ్గై పేటలోని నా గదికి వచ్చి, సెల్‌ఫోను ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూపించిన పటం చూసి నేను చాలాసేపు తెరిచిన నోరు మూయలేకపోయాను. వాడు ఇక్కడే ఇంజనీరు. సెలవురోజు తెల్లవారగానే బిగుతు లాగూ తొడుక్కుని, నెత్తిన టోపీ బిగించుకుని సముద్రపు ఒడ్డున సన్నచక్రాల సైకిలు తొక్కే రకం. వచ్చే నెల ఏదో చల్లటి దేశానికి పోయి వారం రోజులు సైకిలు యాత్ర చేస్తాడట. తొక్కుకోనీ, ఒంటికి మంచిదే అనుకున్నాను. అయితే ఆ పటంలో ఆకుపచ్చ గీత పొడుగునా చుక్కలున్నాయి. అవి గుళ్ళా, చూడదగ్గ కోటలా అని అడిగితే, కాదు మావయ్యా, ఇది బీరు తయారుచేసే చోటు, ఇది ద్రాక్షసారా తీసే తోట, ఇది ఆపిల్ పళ్ళ కల్లు పోసే కొట్టం అని వేలు పెట్టి మరీ వరసగా చెప్పుకొచ్చాడు. ఒక్కోచోట ఆగడం, గ్లాసుడు రుచి చూడడం, మళ్ళీ సైకిలెక్కి ఇంకో చుక్క దగ్గరికి పోవడం. దీనికి వాళ్ళు పటం అచ్చువేసి, దారి పొడుగునా బాణం గుర్తులు కూడా పాతిపెట్టారట.

నేను మడి కట్టుకు కూర్చున్న మనిషినని మీరనుకోకండి. కోనసీమలో పుట్టినవాడికి కల్లుముంత కొత్తేమీ కాదు. నా దిగ్భ్రమ తాగుడు గురించి కాదు. సైకిలు, పులిసిన నీళ్ళు, దారిలో మజిలీలు, ఈ మూడూ ఒకచోట కలిస్తే మనిషికి ఏ గతి పడుతుందో ఈ కువైట్‌లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చుక్క మందు దొరికితే కటకటాలు, ఆ వెనకే విమానం తప్పని ఈ దేశంలో, నా మంచం మీద కూర్చుని, నా చెల్లెలి కొడుకు అంత ధీమాగా ఆ మాటలు అంటుంటే, గోడ అవతల ఎవరైనా వింటున్నారేమోనని నేను లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చాను. వాడు నవ్వాడు. వాడికేం తెలుసు, నవ్వుతాడు మరి.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇక్కడే రిగ్గైలో ఒక బకాలాలో, అంటే మన కిరాణాకొట్టులాంటి దాంట్లో, ఇళ్ళకు సరుకులు చేరవేసే పని చేసేవాణ్ణి. రొట్టెలు, పాలు, నీళ్ళ సీసాలు సైకిలు మీద పెట్టుకుని మేడల చుట్టూ తిరగడమే ఉద్యోగం. ముందు ఒక ఇనుప బుట్ట, వెనక ఒక స్టాండు, ఎంత బిగించినా టకటకమనే చైను కవరు, ఇదీ నా వాహనం. నాకు ఆ వీసా పెట్టించింది మా బావ, చెల్లెలి మొగుడు. మా కఫీల్‌ను, అంటే ఆ కొట్టు యజమానిని, ఆయనే వెళ్ళి బతిమాలి నన్ను రప్పించాడు. ఆయన షువైఖ్‌లో ఒక గ్యారేజీలో వెల్డింగు పని చేసేవాడు. రేకుల షెడ్డు, పక్కన నిప్పురవ్వలు, పైన ఆ ఎండ. ఆ మొదటి వేసవిలో ఆయనకి అన్నం సయించడం మానేసింది. రొట్టె చూస్తే వాంతి, మాంసం చూస్తే వాంతి. మనిషి చొక్కాలో వేలాడుతున్నట్టు కనిపించేవాడు. నేను బెంగపడిపోయాను.

అప్పుడు నాకు తట్టింది తరవాణి. గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెబుతాను. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ రోజూ ఒక కుండలో పోస్తూ, రెండు దబ్బాకులు వేసి మూత పెడితే, అవి పులిసి కమ్మటి పుల్లటి నీళ్ళవుతాయి. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, పొద్దున్నే ఉప్పూ ఉల్లిపాయా నంజుకుని తింటే ఎంత ఎండైనా కడుపులో చల్లగా ఉంటుంది. మా ఇళ్ళలో పసిపిల్లలూ తాగుతారు, ముసలివాళ్ళూ తాగుతారు. కుండకి బదులు సూకులో, అంటే ఇక్కడి బజారులో, ఒక మట్టికూజా కొన్నాను. దబ్బాకులు ఎక్కడ దొరుకుతాయి? వఫ్రాలో తోటపని చేసే మా పక్క ఊరి అతను కూరగాయల లారీ ఎక్కి వచ్చినప్పుడల్లా, దబ్బాకులు కాకపోతేనేం, నిమ్మాకులు కాగితంలో చుట్టి తెచ్చిపెట్టేవాడు. ఇక్కడి వేడికి ఆ నీళ్ళు మనూళ్ళో కంటే వేగంగా పులిసేవి.

మా బావ మొదటి గ్లాసు తాగి కళ్ళు మూసుకున్నాడు. రెండో వారానికి అన్నం తిన్నాడు. ఈ సంగతి తెలిసి మనవాళ్ళందరూ మాకూ మాకూ అన్నారు. అలా ప్రతి శుక్రవారం, నమాజుకని కొట్టు మూసిన ఆ కాసిని గంటల్లో, పెద్ద ప్లాస్టిక్ క్యానులో తరవాణి నింపి, పాత ట్యూబు ముక్కతో స్టాండుకి కట్టి బయలుదేరేవాణ్ణి. ముందు తాపీపనివాళ్ళ గది, తరవాత పాలకొల్లు దర్జీ, తరవాత బట్టలు ఇస్త్రీ చేసే ఇద్దరన్నదమ్ములు, చివరికి షువైఖ్‌లో మా బావ గ్యారేజీ. బెల్లు రెండుసార్లు కొడితే నేనని గుర్తు. కొట్టీ కొట్టకముందే తలుపు తెరుచుకునేది, గ్లాసు పట్టుకుని మనిషి ఎదురొచ్చేవాడు. ఆ వయసులో అంతకంటే గొప్ప ఉద్యోగం నాకు ఇంకోటి ఉందనిపించేది కాదు. మా మేనల్లుడి పటంలో చుక్కలున్నట్టే నాకూ ఉండేవి, కాకపోతే అచ్చువేయలేదు.

ఒక శుక్రవారం ఎండ మండిపోతుండగా, షువైఖ్ మలుపు దగ్గర పోలీసులు నిలబడి వచ్చేపోయేవాళ్ళ ఇఖామాలు, అంటే ఈ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డులు, అడుగుతున్నారు. నా ఇఖామా కార్డు ఆ పూట కొట్టులోనే మరిచిపోయాను. ఆ సంగతి ఎలా చెప్పాలా అని వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడబలుక్కుంటూ ఉండగానే నా వెనక తుపాకీ పేలినట్టు ఢామ్మని మోత. నేను ఉలిక్కిపడ్డాను, పోలీసులు నాకంటే ఎక్కువ ఉలిక్కిపడ్డారు. క్యాను మూత ఎగిరిపోయింది. ఎండకి లోపల పొంగి పొంగి, ఇంక ఆగలేక, తెల్లటి నురగ చిమ్ముకుంటూ వచ్చి ఒక పోలీసు బూట్ల మీద పడింది. అతను వంగి వాసన చూశాడు. తల ఎత్తి నా మొహం చూసిన ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఖమర్ అన్నాడు. ఖమర్ అంటే సారాయి అని అప్పటికే నాకు తెలుసు.

నన్నూ, సైకిలునూ, క్యానునూ కలిపే ఠాణాకి తీసుకెళ్ళారు. మా కఫీల్‌కి కబురు వెళితే, ఆయన తన ఇంటి డ్రైవరు చేతికి నా ఇఖామా ఇచ్చి పంపించాడు. ఆ డ్రైవరు రాయచోటి భాయ్. పుట్టి బుద్ధెరిగి ఇంత మంచి మనిషిని చూడలేదు. ఆయనకి అరబ్బీ బాగా వచ్చు, కాబట్టి ఇంక గట్టెక్కినట్టేనని ఊపిరి పీల్చుకున్నాను. భాయ్ ఎంతో మర్యాదగా, ఇది సారాయి కాదండీ, ఉత్త బియ్యపు నీళ్ళు, ఖమీర్ అయినాయి, అంతే అని చెప్పాడు. ఉర్దూలో ఖమీర్ అంటే పులిసిన పిండి. ఆ కంగారులో వాళ్ళింట్లో మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది. అధికారి అంతవరకూ రాస్తున్న కలం ఆపి, ఒప్పుకున్నారన్నమాట అన్నట్టు తల పంకించాడు. ఆయన చెవికి అది ఖమర్‌గానే పడింది.

భాయ్ మొహం పాలిపోయింది. నా వైపు తిరిగి, "నేను ఖమీర్ అంటి, ఆయప్ప ఖమర్ అని విన్యాడు అన్నా. ఎంత పని చేస్తి," అన్నాడు. దాని అర్థం ఏమిటో నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. వేలిముద్రలు, విమానం, మళ్ళీ జన్మలో ఈ గడ్డ మీద అడుగు పెట్టకపోవడం. వచ్చి ఏడాది కూడా నిండలేదు.

అంతలో ఇంకో ప్రశ్న వచ్చింది. ఇంత పెద్ద క్యాను ఎవరికి తీసుకెళ్తున్నావు? నేను ఒక్క పేరు చెబితే మా బావని కూడా తెచ్చి నా పక్కన నిలబెడతారు. చెల్లెలు అప్పుడు నెలల పిల్లాడితో ఉంది. ఆ క్షణంలో నాకు ఆ తెలివి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గానీ, ఎవరికీ కాదు, అంతా నాకే అన్నాను. భాయ్ ఆశ్చర్యంగా చూస్తూనే ఆ మాట అరబ్బీలో చెప్పాడు. అధికారి నన్నూ, క్యానునూ మార్చి మార్చి చూశాడు. అంతా నీకే అయితే, అది ఉత్త బియ్యపు నీళ్ళే అయితే, తాగు అన్నాడు.

తాగాను. పొంగిపోగా మిగిలిందంతా, నిలబడే, క్యాను ఎత్తిపట్టి తాగాను. సగంలో ఊపిరాడక ఆగితే మళ్ళీ ఎత్తమన్నారు. పొట్ట డోలులా ఉబ్బింది. కాసేపు కూర్చోబెట్టారు, మత్తెక్కుతుందేమో చూడాలి కదా. తరవాత అధికారి ఏదో అంటే, భాయ్ నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పాడు. "సైకిలు తొక్కమంటాండాడు అన్నా. ఆ తెల్లగీత మీద నేరుగా పొయ్యి నేరుగా రావాలంట. వంకరబోతే ఖలాస్."

ఆవరణలో కార్లు నిలిపేందుకు గీసిన తెల్లగీత అది. జీవితమంతా సైకిలు తొక్కినవాణ్ణి, ఆ ఒక్క గీత మీద తొక్కడం రాదేమోనని భయమేసింది. కడుపులో నీళ్ళు అటు ఊగితే సైకిలు అటు, ఇటు ఊగితే ఇటు. చైను కవరు టకటకమంటోంది. చివర్లో తిప్పుకునేటప్పుడు ముందు చక్రం ఒకసారి పక్కకి జారింది. భాయ్ కళ్ళు మూసుకోవడం ఓరకంట చూశాను. కాలు మాత్రం నేల మీద పెట్టలేదు. ఎలా తిరిగి వచ్చానో ఆ దేవుడికే తెలియాలి. అధికారి క్యాను అంచుకి మిగిలిన తడిని వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించాడు. ఇది పాడైపోయిన లబన్‌లా ఉంది అన్నాడు. లబన్ అంటే వీళ్ళ మజ్జిగ. యల్లా, వెళ్ళు, ఇంకోసారి ఈ క్యాను రోడ్డు మీద కనిపించకూడదు అని పంపించేశాడు. న్యాయమైన మనిషి, చల్లగా ఉండాలి.

గది చేరేసరికి నాకు రెండో దెబ్బ తగిలింది. నన్ను పట్టుకున్నారని కబురు నాకంటే ముందే చేరింది. నా గదివాళ్ళు కూజా పగలగొట్టి, పెంకులు కూడా దొరక్కుండా చెత్త డబ్బాలో పారేసి, నేల ఫినాయిలుతో కడిగేశారు. పోనీలే, భయపడ్డారు అనుకున్నాను. మరుసటి శుక్రవారం, క్షేమంగా బయటపడ్డానని చెబుదామని, ఉత్త సైకిలు మీదే బయలుదేరాను. తాపీపనివాళ్ళ గది దగ్గర రెండు బెల్లులు కొట్టాను. లోపల మాటలు ఆగిపోయాయి గానీ తలుపు తెరుచుకోలేదు. దర్జీ అద్దంలోంచి నన్ను చూసి తల దించుకున్నాడు. ఇస్త్రీ అన్నదమ్ములు తలుపు సందులోంచే, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపారు. నా చేతి గ్లాసు తాగినవాళ్ళు, వారం తిరక్కుండా!

మా బావ అలా చెయ్యడులే అనుకున్నాను. ఆయన గ్యారేజీ గేటు బయటికి వచ్చాడు, నా మొహంలోకి చూడలేదు.

"ఒరేయ్, ఏవనుకోకు. ఇంక మా గేటు కాడ సైకిలాపకురా. బెల్లూ కొట్టకు. నా పిల్లోడి మొహం గుర్తొస్తంది," అన్నాడు.

సరే బావా అన్నాను. ఆ పిల్లాడి కోసమే కదా నేను క్యానంతా తాగింది అని అందామనుకున్నాను, అనలేకపోయాను. తరవాత ఎప్పుడూ అనలేదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పక్కపక్కనే కూర్చున్నాం, ఒకే విమానంలో సెలవులకు వెళ్ళాం, ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. సరుకులు ఇవ్వడానికి ఆ దారినే వెళ్ళాల్సి వస్తే, బెల్లు మీదినుంచి వేలు తీసేసి, గేటు వైపు చూడకుండా తొక్కుకుంటూ పోయేవాణ్ణి. మా బావ పోయి రెండేళ్ళవుతోంది.

ఇదంతా చెబుతుంటే మా మేనల్లుడు ఫోను పక్కన పెట్టి విన్నాడు. ఆ నెలల పిల్లాడు వాడే. నువ్వూ నాతో రా మావయ్యా, నువ్వు మందు తాగకపోయినా అక్కడ ద్రాక్షరసం ఇస్తారు అన్నాడు. అక్కడ మనం సైకిలు ఆపితే ఎవరైనా ఎదురొస్తారా అని అడిగాను. ముందుగా బుక్ చేసుకోవాలట, ఎన్నింటికి వస్తామో ఫోనులో నొక్కాలట. నాకెందుకులేరా అన్నాను.

వాడు వెళ్తూ గుమ్మంలో ఆగి, చెప్పులు వేసుకుంటూ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు ఒక మాట అన్నాడు. "నువ్వు నాన్న పేరు చెప్పలేదని నాన్నకి తెలుసు మావయ్యా. రాయచోటి భాయ్ ఆ నెల్లోనే చెప్పేశాడంట. తరవాత నువ్వు గేటు ముందు నించి పోతంటే చైను చప్పుడు వినబడేదంట. వెల్డింగు ఆపేసి నిలబడేవాడంట, ఇయ్యాలైనా బెల్లు కొడతావేవోనని."

ఇన్నేళ్ళూ నేను మా బావ మాటకి కట్టుబడి బెల్లు కొట్టలేదు. ఆయన తన మాటకి తానే సిగ్గుపడి పిలవలేదు. ఇప్పుడు ఆ గ్యారేజీ లేదు. కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద సరుకులు తెస్తున్నారు, గుమ్మం ముందు పెట్టి ఫోనులో ఫొటో తీసుకుని, మొహం చూడకుండా వెళ్ళిపోతున్నారు. పులిసిన నీళ్ళు తాగడానికి సైకిళ్ళ మీద ఊరేగే దేశాలున్నాయంటే నమ్మాల్సిన రోజులు వచ్చాయి. రోజులు ఎంత మారినా నాకు బాధ లేదు గానీ, ఆ గేటు ముందు ఒక్క శుక్రవారం, ఒక్కసారి, రెండు బెల్లులు కొట్టి ఉంటే మా బావ బయటికి వచ్చేవాడు.