మా పిన్ని రంగు మానేసిన ఏడాది

మా ఇంట్లో నెలకో ఆదివారం రంగు వేసుకునే రోజు. మా అమ్మా, అమ్మ చెల్లెలైన మా పిన్నీ ఒకరి తలకి ఒకరు రంగు వేసుకునేవారు. పిన్ని ఉండేది రెండు వీధుల అవతల. పొద్దున్నే వచ్చేసేది. వెనక వరండాలో స్టూలు, దాని కింద పరిచిన పేపర్లు, భుజాల మీద నాన్న పాత చొక్కా, చెవుల చుట్టూ మరక అంటకుండా వేజలైను. ఆ రోజు పేపరు పెందరాళే చదవకపోతే ఇక చదవడానికి దొరకదని నాన్నకి అనుభవం మీద తెలిసింది.

ఎవరిది వాళ్ళు వేసుకోవచ్చుగా అని అడిగితే, వెనక వైపు అందదు అనేవారు. అది సగం నిజం. మొహం చూస్తూ చెప్పుకోలేనివన్నీ ఆ ఇద్దరూ ఒకరి మాడు ఒకరు చూస్తూ చెప్పుకునేవారు. నాన్న ఉద్యోగం పోయిన సంగతి అమ్మ మొదట చెప్పింది పిన్ని మాడుకే. ఇక పిల్లలు పుట్టరని డాక్టరు తేల్చేసిన మాట పిన్ని చెప్పింది అమ్మ మాడుకే. వాళ్ళమ్మ పోయేనాటికి అమ్మకి పదేళ్ళు, పిన్నికి ఆరేళ్ళు. అప్పటి జడల దగ్గర్నుంచీ పిన్ని తల అమ్మ చేతుల్లోనే ఉంది.

పిన్ని పని చేసేది ఫొటో స్టూడియోలో. ఫొటోలు తీసేది యజమాని, వాటిని కంప్యూటర్లో బాగుచేసేది పిన్ని. మొటిమలు తీసెయ్యడం, వంకర కాలరు సరిచెయ్యడం, నెరిసిన తల నల్లగా చెయ్యడం. ఎవరూ అడగనక్కర్లేదు. తెల్ల వెంట్రుక కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు. వచ్చినవాళ్ళందరినీ పదేళ్ళు తగ్గించి పంపుతున్నానని గొప్పగా చెప్పుకునేది.

ఒకరోజు ఓ పెద్దావిడ ఫొటో దిగి వెళ్ళి, సాయంత్రం ప్రింటు కోసం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చాలా బాగుందమ్మా. ఎవరీవిడ?"

పిన్ని నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"మందులు వాడినప్పుడు నా జుట్టంతా ఊడిపోయింది. మళ్ళీ వస్తుందో రాదో అని ఎంత బెంగపడ్డానో. ఇదిగో, వచ్చింది. తెల్లగానే వచ్చింది. మా మనవరాలికి పంపిద్దామని ఫొటో దిగాను. నువ్వు దాన్ని చెరిపేశావు."

పిన్నికి తల కొట్టేసినట్టయింది. తప్పైపోయిందని చెప్పి, అసలు ఫొటో తెరిచి, ఉన్నదున్నట్టు మళ్ళీ ప్రింటు తీసి ఇచ్చింది. పెద్దావిడ తన తెల్ల తలని చూసుకుని మురిసిపోయింది. "నేను తల నల్లగా చేసి ఇచ్చినవాళ్ళలో ఒక్కరైనా అలా సంతోషపడ్డం చూళ్ళేదే" అని తర్వాత నాతో అంది పిన్ని. ఆ మాట అనేటప్పుడు తన జడ కొస చేత్తో పట్టుకుని చూసుకుంటోంది.

ఆ నెల ఆదివారం ఎప్పట్లాగే వచ్చి అమ్మకి రంగు వేసింది. తన వంతు వచ్చేసరికి స్టూలు మీద కూర్చోలేదు.

"నాకొద్దక్కా. ఇక మానేస్తున్నా."

"కలిపేశానే! ఇప్పుడు దీన్ని గోడకి పుయ్యమంటావా?"

"మానెయ్యాలనిపించింది. అంతే."

"నీకేం, అంటావు. చెల్లెలే ఇంత నెరిసిపోతే అక్క వయసెంతో అని నలుగురూ లెక్కలెయ్యరూ? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని!"

"నిన్ను మానెయ్యమన్నానా? నీకు నేను వేస్తాగా."

"అక్కర్లేదు. నా దగ్గర కూర్చోనిదానివి, నా తల కూడా ముట్టుకోకు."

నోరు జారడం మా అమ్మకి క్షణం పని. జారిన మాట వెనక్కి తీసుకోవడం మాత్రం వాళ్ళ వంశంలోనే లేదు. పిన్ని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కలిపిన రంగు గిన్నెలోనే ఎండిపోయింది.

అక్కణ్ణుంచి పిన్ని తల చూసినవాళ్ళకి చూసినంత వినోదం. పాపిట దగ్గర వేలెడు తెలుపు, దాని కింద మూరెడు నలుపు. పక్కింటివాళ్ళు ఒంట్లో బాగోలేదా అని పరామర్శకి వచ్చారు. బాబాయి అయితే, "ముందు నుంచి చూస్తే ఒకతె, వెనక నుంచి చూస్తే ఇంకొకతె. ఇద్దరు పెళ్ళాలతో కాపురంలా ఉంది" అన్నాడు. "అయితే ఇద్దరికీ కాఫీ మీరే పెట్టండి" అంది పిన్ని. ఆయన పెట్టాడు కూడా.

స్టూడియో యజమాని అంత తేలిగ్గా తీసుకోలేదు. "వచ్చినవాళ్ళు నీ తల చూసి ఏమనుకుంటారమ్మా?" అన్నాడు. "వాళ్ళ తల సంగతి వాళ్ళనే అడిగి చేస్తాననుకుంటారు సార్" అని, నిజంగానే అడగడం మొదలుపెట్టింది. నలుపు చెయ్యనా, ఉన్నదున్నట్టు ఉంచనా? చాలామంది నలుపే అనేవారు. ఎవరో ఒకరు కాసేపు తటపటాయించి, పిన్ని పాపిట వంక చూసి, "ఉంచెయ్యండి" అనేవారు. ఆరోజు పిన్నికి భూమ్మీద కాళ్ళు నిలిచేవి కాదు. ఎవరేమన్నా ఆవిడ దగ్గర జవాబుంది. ఆదివారం వస్తేనే ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఇక్కడ మా అమ్మ రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని తనే రంగు వేసుకుంది. చెవి శుభ్రంగా నల్లబడింది, వెనక పిడికెడు జుట్టు తెల్లగా మిగిలిపోయింది. నేను వేస్తానంటే నీకు చెయ్యి నిలకడ లేదంది. కింద పడ్డా పైచెయ్యి నాదే అనే రకం మరి. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అంతకంటే భయమేసింది. ఫోన్లో "తిన్నావా", "ఆఁ" దాకా దిగింది వ్యవహారం. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే అది అలవాటైపోతుంది. అక్కాచెల్లెళ్ళు కాస్తా పిలిస్తే వచ్చే చుట్టాలైపోతారు.

ఒకసారి స్టూడియోకి వెళ్తే పిన్ని మెల్లగా అడిగింది.

"మీ అమ్మకి వెనకవైపు ఎవరు వేస్తున్నారే?"

"ఎవరూ వెయ్యట్లేదు."

పిన్ని చేతిలో పని ఆపేసి తన మెడ వెనక తడుముకుంది.

ఆ వచ్చే ఆదివారం కత్తెర పట్టుకుని దిగింది. అప్పటికి ఏడాది కావస్తోంది. ముందంతా చెవుల దాకా తెల్లగా కత్తిరించుకుంది. వెనక వీపు మీద నల్ల తోక వేలాడుతోంది. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

"కింద నలుపంతా తీసెయ్యాలక్కా. ముందు నేనే కోసుకున్నా. వెనక అందట్లేదు."

"ఊళ్ళో పార్లర్లన్నీ మూతపడ్డాయా?"

"తెరిచే ఉన్నాయి. వాళ్ళకి నా తల గురించి ఏం తెలుసు?"

అమ్మ వెనక వరండాలోకి నడిచింది. స్టూలు తెచ్చి వేసింది. నాన్న చేతిలో పేపరు సగంలో లాక్కుని కింద పరిచింది. "ఇదయ్యాక నాకు వెనకవైపు వేద్దువుగాని" అని, ఎవరితోనో అన్నట్టు గోడకి చెప్పింది. పిన్ని కూర్చుంది. అమ్మ కత్తెర అందుకుంది. నల్ల జుట్టు పేపరు మీద కుప్పగా పడుతోంది. వంటింటి గుమ్మంలోంచి చూస్తే నాకు అమ్మ మొహం కనిపిస్తోంది, పిన్నికి కనిపించడం లేదు. అమ్మ కళ్ళు తడిసి ఉన్నాయి.

"వయసు తెలిసిపోతుందని కాదే నేనన్నది" అంది అమ్మ చివరికి.

"మరి?"

"నీ తల నల్లగా ఉన్నన్నాళ్ళూ నాకింకా చిన్న చెల్లెలుందనే ధైర్యం. నువ్వూ ముసలిదానివైపోతే నేనెవరికే పెద్దదాన్ని?"

పిన్ని గభాల్న తల తిప్పబోయింది. అమ్మ రెండు చేతులతో పట్టుకుని ముందుకి తిప్పేసింది.

"కదలకు. చెవి తెగుతుంది."

"ఎంత తెల్లబడినా నీకంటే నాలుగేళ్ళు చిన్నదాన్నే కదక్కా. అదెక్కడికి పోతుంది?"

అమ్మ కత్తెర పక్కన పెట్టింది. పిన్ని మెడ మీద అంటుకున్న వెంట్రుకలు కొంగుతో దులిపింది. మాడు మీద చెయ్యి వేసి, ఆ తెల్ల జుట్టుని ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు నిమిరింది.

"అయితే పెద్దదాని మాట విను" అంది. "తల వంచు."

పిన్ని వంచింది.